మొగలిపొద దెయ్యానికి మెటల్ పాట కట్టడం: ఎర్హుతో మీ మొదటి ట్రాక్‌కి సమగ్ర మార్గదర్శి

తైవాన్ దక్షిణాన తైనాన్ వైపు చెప్పుకునే దెయ్యం కథ ఒకటుంది. భర్త పోయిన ఒకామె దగ్గర కాస్త డబ్బుంటుంది. సముద్రం అవతలి నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు ఆమెను నమ్మించి, ఆ డబ్బంతా పట్టుకుని ఓడెక్కుతాడు. మళ్లీ రాడు. ఆమె ఒడ్డునున్న ముళ్లపొదల్లో ప్రాణం తీసుకుంటుంది. ఆ తర్వాత రాత్రిపూట ఎవరో ఒకామె వచ్చి, ఆకులో చుట్టి ఉడికించిన అన్నం ముద్దలు కొనుక్కుని పోతుంటుంది. అమ్మినవాడు తర్వాత గల్లాపెట్టె తెరిస్తే అందులో డబ్బుండదు. చనిపోయినవాళ్ల పేరిట కాల్చే కాగితం నోట్లుంటాయి.

ఆ పొద పేరు లిన్‌తోవ్. మనకది పరాయిది కాదు, మొగలిపొదే. కథలో ఆమెను 'లిన్‌తోవ్ జియె' అంటారు. జియె అంటే అక్క. అంటే మొగలిపొద అక్క.

1995లో తైపేలో మొదలైన థోనిక్ బ్యాండు 2002లో ఈ కథ మీదే ఒక పూర్తి ఆల్బమ్ చేసింది. ఒక పక్కన బ్లాక్ మెటల్ అనే చీకటి, హోరు తరహా గిటార్లు, బ్లాస్ట్ బీట్లు అనే ఆగకుండా కొట్టే వేగపు డ్రమ్స్, మధ్యలో ఏడుస్తున్నట్టు ఎర్హు, అంటే కమానుతో వాయించే రెండు తీగల చైనా వాయిద్యం. మరుసటి ఏడాది తైవాన్ సంగీతంలో పెద్ద పురస్కారమైన గోల్డెన్ మెలొడీలో ఉత్తమ బ్యాండ్ బహుమతి వాళ్లకే దక్కింది. నేను ఈ తరహా సంగీతంలోకి వచ్చింది వాళ్ల వల్లే.

గిటార్ కొంచెం వాయించగలిగి, ఇంట్లో కంప్యూటర్ మీద రికార్డ్ చేసుకునే అలవాటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఈ దెయ్యం కథనే ఉదాహరణగా పెట్టుకుని, కథ దగ్గర్నుంచి మిక్సింగ్ దాకా ఒక ట్రాక్ ఎలా కట్టాలో చూద్దాం. మీరు వేరే కథ తీసుకున్నా దారి ఇదే.

ముందే నా తప్పు ఒకటి చెప్పేస్తాను. నా మొదటి ట్రాక్‌లో రిఫ్‌లన్నీ, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలన్నీ, ముందు రాసేసి, చివర్లో ఖాళీ దొరికిన చోటల్లా ఎర్హు శాంపిల్ అతికించాను. విన్న స్నేహితుడు, "సినిమాలో హీరో చైనాలో దిగాడని చెప్పడానికి వేసే ముక్కలా ఉందిరా" అన్నాడు. నిజమే. అక్కడ ఎర్హు తీసేస్తే పాటకు పోయేదేమీ లేదు. కింద చెప్పే ప్రతి పనీ ఆ తప్పు మళ్లీ జరగకుండా చూసుకోవడానికే.

మొదటి అడుగు: వారం రోజులు వినడం, వాయించకుండా

థోనిక్‌తో మొదలుపెట్టండి. అయితే ఆల్బమ్‌లు వరసగా వినేయకండి. 2014లో వాళ్లు పాత పాటల్ని డిస్టార్షన్ లేకుండా, అకౌస్టిక్‌గా మళ్లీ చేసి 'టైమ్‌లెస్ సెంటెన్స్' అనే ఆల్బమ్ తెచ్చారు. ఒక పాట మెటల్ రూపం విని, వెంటనే దాని అకౌస్టిక్ రూపం వినండి. గిటార్ల హోరు తీసేసినా బాణీ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. మీ పాట కూడా ఈ పరీక్ష పాస్ కావాలి.

తర్వాత జపాన్ నుంచి సై. వీళ్ల తొలి ఆల్బమ్ 1993లో నార్వే బ్లాక్ మెటల్‌కి పుట్టిల్లు లాంటి డెత్‌లైక్ సైలెన్స్ లేబుల్ మీద వచ్చింది. 2022 నాటి 'షికి'లో జపాన్ వెదురు వేణువుల ఊపిరి వినిపిస్తుంది. చైనాలోని జినాన్‌కు చెందిన జురియాకె వాళ్లయితే గడ్డి టోపీలతో మొహాలు దాచుకుని వేదికెక్కుతారు. పొగమంచు కొండల సిరాచిత్రం చూస్తున్నట్టుంటుంది వాళ్ల సంగీతం. ఎక్కడ వాయిద్యం ఆగి నిశ్శబ్దం మిగులుతుందో గమనించండి.

కొరియా జాంబినైని మెటల్ బ్యాండ్ అంటే కొందరు ఒప్పుకోరు. నాకా గొడవ అక్కర్లేదు. 2009లో మొదలైన ఈ బృందంలో హేగుమ్, గొముంగో, పిరి లాంటి కొరియా సంప్రదాయ వాయిద్యాలే ముందుంటాయి, గిటార్ వాటికి తోడుగా వస్తుంది. అంటే మనం చేయబోయేదానికి సరిగ్గా తిరగేసిన పద్ధతి. అందుకే వినమంటున్నాను.

వింటున్నప్పుడు ఒక కాగితం మీద ఒకే సంగతి రాసుకోండి: సంప్రదాయ వాయిద్యం వచ్చినప్పుడు గిటార్లు ఏం చేస్తున్నాయి? ఆగాయా, కింది తీగలకు దిగాయా, ఒకే స్వరం మీద నిలబడ్డాయా? రెండు మూడు రోజులు పోయేసరికి మీ కాగితమే మీకు పాఠం అవుతుంది.

రెండో అడుగు: కథను దృశ్యాలుగా కోయడం

కథ ఎంచుకునేటప్పుడు జపాన్ దెయ్యం, చైనా డ్రాగన్, మంగోల్ గుర్రం అన్నీ ఒకే గిన్నెలో వేయకండి. ఒకే ఊరు, ఒకే కథ. థోనిక్ బలమంతా అక్కడే ఉంది. 1930లో ఉషె దగ్గర జపాన్ పాలకుల మీద తిరగబడ్డ సెదిక్ తెగవాళ్ల మీద ఒక ఆల్బమ్. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యంలోకి చేర్చుకున్న తైవాన్ ఆదివాసీ దళాల మీద 2011లో మరొకటి. 2009 నాటి 'మిర్రర్ ఆఫ్ రెట్రిబ్యూషన్'లో నరకపు అద్దం, 1947 ఫిబ్రవరి 28న మొదలైన హత్యాకాండ రెండూ కలుస్తాయి. అక్కడి నమ్మకం ప్రకారం యమలోకంలో ఒక అద్దం ఉంటుంది. దాని ముందు నిలబడితే చేసిన పాపాలన్నీ కనిపిస్తాయి. మన చిత్రగుప్తుడి చిట్టాకి అది బొమ్మ రూపం అనుకోండి.

ఈ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ లిమ్ 2016లో తైవాన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. వాళ్లకు ఈ కథలు వేషాలు కావు, సొంత గాయాలు. మనం బయటివాళ్లం. ఇంకా బతికున్న కుటుంబాల రక్తం ఉన్న చరిత్ర జోలికి మొదటి పాటతోనే వెళ్లొద్దని నా సలహా. దెయ్యం కథ అందరిదీ, అక్కడ తడబడినా ఎవరి గాయమూ రేగదు.

మొగలిపొద అక్క కథను నేనైతే ఇలా కోస్తాను.

మొదట ఆమె ఒంటరితనం: ఎర్హు ఒక్కటే, నిమిషానికి 60 బీట్లు. తర్వాత వ్యాపారి రాక: డిస్టార్షన్ లేని గిటార్, నడక వేగం, వినడానికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. మూడోది ఎదురుచూపు. ఇక్కడ ముందటి గిటార్ బాణీనే మళ్లీ తీసుకుని ప్రతిసారీ ఒక బీట్ తగ్గించండి. ఓడ రావట్లేదని మాటల్లో చెప్పక్కర్లేదు, వినేవాడి కాలు తాళం తప్పుతుంది. నాలుగోది పొద: రెండు సెకన్ల పూర్తి నిశ్శబ్దం, ఆ వెంటనే బ్లాస్ట్ బీట్.

ఐదోది రాత్రి బజారు, నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. దెయ్యం అన్నం ముద్ద కొంటోంది. భయపెట్టకండి. చిన్న చెక్క చప్పుడు, డబ్బులు పెట్టెలో పడ్డ శబ్దం, ఎర్హు మీద నాలుగు స్వరాలు చాలు. ఎక్స్‌ట్రీమ్ మెటల్‌లో వినేవాణ్ణి నిజంగా వణికించేవి ఇలాంటి మెత్తటి క్షణాలే.

చివరిది సముద్రం దాటడం. కథ చాలా రూపాల్లో ఉంది. ఒక రూపంలో జ్యోతిష్కుడు ఒకాయన ఆమె ఆత్మను ఓడలో అవతలి తీరానికి చేరుస్తాడు. మోసగాడు అక్కడ వేరే కుటుంబంతో హాయిగా ఉంటాడు. తర్వాత జరిగేది మీరు ఊహించగలరు. ఈ భాగానికి నిమిషానికి 200 బీట్లు.

మూడో అడుగు: స్వరాలు ఎంచుకోవడం, ఇక్కడ మనకు కలిసొచ్చేది

తూర్పాసియా సంగీతం అనగానే 'ఐదు స్వరాల స్కేల్' అని అందరూ రాస్తారు. పాశ్చాత్య గిటారిస్టులకు అక్కడి నుంచి పట్టికలు మొదలవుతాయి. కర్ణాటక సంగీతం చెవినపడ్డ తెలుగువాళ్లకు ఆ శ్రమ తక్కువ. మన ఔడవ రాగాలు, అంటే ఐదు స్వరాల రాగాలు పాడుకుంటే చాలు.

చైనా సంప్రదాయంలో ఐదు మోడ్‌లున్నాయి. గోంగ్ అంటే మోహన స్వరాలు. దాన్నే రిషభం నుంచి మొదలుపెడితే షాంగ్, మనకు మధ్యమావతి. గాంధారం నుంచి జుయె, అంటే హిందోళం. పంచమం నుంచి జి, అది శుద్ధ సావేరి. ధైవతం నుంచి యు, అది శుద్ధ ధన్యాసి. మనం గ్రహభేదం అనేదే ఇది.

జపాన్‌కు వెళ్తే రుచి మారుతుంది. షమిసెన్, కోటో సంగీతంలో వినిపించే మియాకొబుషి స్కేల్‌లో సరిమపద, అదీ శుద్ధ రిషభం, శుద్ధ ధైవతంతో. 'కర్ణాటక శుద్ధ సావేరి' స్వరాలవి, పైన చెప్పిన శుద్ధ సావేరి కాదు, వేరే రాగం. ఇన్‌సెన్ స్కేల్ స్వరాలు మన రేవతివి. ఒకినావా దీవుల స్కేల్ గంభీరనాట. మొదటిసారి ఈ పోలిక పట్టుకున్నప్పుడు రాత్రంతా రేవతి రిఫ్‌లు వాయిస్తూ కూర్చున్నాను, పొద్దున ఆఫీసుకు ఆలస్యమైంది.

ఒక హెచ్చరిక. స్వరాలు ఒకటే కానీ రాగం ఒకటి కాదు. మన గమకం వేరు, వాళ్ల జారుడు వేరు. హిందోళంలో మన పద్ధతిలో ఊపితే అది ఎర్హు మీద వాయించిన హిందోళమే అవుతుంది, తైవాన్ వాసన రాదు. స్వరాలు గుర్తుపట్టడానికి రాగం వాడుకోండి. నడక మాత్రం ఎర్హు విద్వాంసుల్ని విని నేర్చుకోండి.

మన పాటకు డి శ్రుతిలో శుద్ధ ధన్యాసి తీసుకుందాం: డి, ఎఫ్, జి, ఎ, సి. ఎందుకంటే ఎర్హు రెండు తీగలూ డి, ఎ. అవి రెండూ ఇందులో సా, పా అయిపోతాయి. ఖాళీ తీగలు మోగినా పాటలోనే ఉంటాయి.

ఇప్పుడు పాటంతటినీ కట్టే ఒక చిన్న కిటుకు. గిటార్‌కు మాత్రం ఆరో స్వరం ఒకటి ఇవ్వండి: ఇ ఫ్లాట్, అంటే శుద్ధ రిషభం. సా పక్కనే ఆనుకుని ఉండే ఆ స్వరం మెటల్‌లో విషం లాంటిది. అది వ్యాపారి అబద్ధం. అతను వచ్చినప్పుడు మెత్తటి గిటార్‌లో ఒక్కసారి తగిలి పోతుంది, ఎవరూ పట్టించుకోరు. పొద దగ్గర డిస్టార్షన్‌తో బద్దలవుతుంది. ఎర్హు మాత్రం పాట చివరిదాకా దాన్ని ముట్టుకోకూడదు.

నాలుగో అడుగు: వాయిద్యం

ఎర్హును దగ్గరగా చూడనివాళ్లకు: చేతిలో ఇమిడే ఆరు పలకల చెక్క డబ్బా, దాని ముందు మూతికి కొండచిలువ చర్మం, పైకి పొడవాటి కర్ర, రెండు తీగలు. కమాను విడిగా ఉండదు, దాని వెంట్రుకలు రెండు తీగల మధ్యలోంచి వెళ్తాయి. వేళ్ల కింద పలక లేదు. తీగను గాలిలోనే నొక్కాలి. అందుకే స్వరం ఎక్కడా గట్టిగా ఆనదు, ప్రతి స్వరం పక్కదానిలోకి జారడానికి సిద్ధంగా ఉంటుంది. మనిషి గొంతులా వినిపించడానికి సగం కారణం ఇదే. లోపలి తీగ డి, అంటే దాదాపు 294 హెర్ట్జ్. బయటి తీగ ఎ, 440 హెర్ట్జ్.

మీకు మూడు దారులున్నాయి.

వాయించేవాళ్లు దొరికితే అంతకంటే మంచిది లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని రికార్డ్ చేసి పంపే ఎర్హు కళాకారులున్నారు. వాళ్లకు పంపేటప్పుడు గిటార్లు తక్కువ శబ్దంతో కలిపిన ఒక ఫైల్, క్లిక్ ట్రాక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) ఒక్కటే ఉన్న ఇంకో ఫైల్, స్టాఫ్ నొటేషన్‌తో పాటు వీలైతే అంకెల నొటేషన్ పంపండి. చైనా వాయిద్యాల దగ్గర స రి గ మలకు బదులు 1, 2, 3 అంకెలతో రాసే పద్ధతి బాగా వాడుకలో ఉంది. సా ఏ శ్రుతో పైన రాస్తే చాలు. దృశ్యం గురించి కూడా రెండు ముక్కలు రాయండి. "ఇక్కడ ఆమె ఓడ కోసం చూస్తోంది" అనే మాట పది నొటేషన్ గుర్తుల పని చేస్తుంది.

కొని నేర్చుకుంటారా? చేయొచ్చు, కానీ మొదటి మూడు నెలలు ఇంట్లోవాళ్ల ఓపికకు పరీక్ష. పైగా కొండచిలువలు అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం కింద నియంత్రణలో ఉన్నాయి. చర్మం ఉన్న వాయిద్యం దేశాలు దాటేటప్పుడు కస్టమ్స్ పత్రాలు అడగొచ్చు. ఆ టెన్షన్ వద్దనుకుంటే కృత్రిమ పొర ఉన్న ఎర్హు కొనండి. నేను ఒక ఆన్‌లైన్ అంగడిలో చవకగా దొరికిందని చర్మం రకం తెప్పించాను. ఏప్రిల్ వచ్చేసరికి చర్మం బిగుసుకుపోయి స్వరం రేకు డబ్బా మీద గీకినట్టైంది. పొడి ఎండాకాలం ఉన్న ఊళ్లో పాలిస్టర్ పొరే మేలు.

మూడోది శాంపిల్ లైబ్రరీ. ఎక్కువమంది చేసేది ఇదే, తప్పేం లేదు. అయితే కీబోర్డ్ మీద హార్మోనియం వాయించినట్టు స్వరం తర్వాత స్వరం నొక్కితే ఎర్హు చచ్చిపోతుంది. ప్రతి వాక్యంలో కనీసం ఒక స్వరాన్ని కింది నుంచి జారుతూ చేరేలా పిచ్ బెండ్ చేత్తో గీయండి. పొడుగు స్వరం మొదట్లో వైబ్రటో వద్దు, సగం దాటాక రానివ్వండి. కమాను దిశ మారే చోట శబ్దం తగ్గి మళ్లీ పెరగాలి. ఈ మూడు చేస్తేనే మనిషి వాయించినట్టుంటుంది.

ఇంట్లో వయొలిన్ వాయించేవాళ్లుంటే, వాళ్లకు ఎర్హు రికార్డింగులు వినిపించి ఆ జారుళ్లు అడగండి. మన వయొలిన్ వాళ్ల వేళ్లకు జారుడు కొత్తేం కాదు. కాకపోతే క్రెడిట్స్‌లో వయొలిన్ అనే రాయండి.

వేరే వాయిద్యాలు కావాలనుకుంటే, తొందరగా చెప్పేస్తాను. షమిసెన్‌కు మూడు తీగలు, పెద్ద ప్లెక్ట్రమ్‌తో చర్మాన్ని కూడా కొడుతూ వాయిస్తారు. మొదటి తీగ కావాలనే ఝుమ్మంటుంది, మన తంబూర బ్రిడ్జి మీద దారం పెట్టి తెప్పించే ఝంకారం లాంటిది. ఉత్తర జపాన్‌లోని త్సుగారు శైలి షమిసెన్ వేగం బ్లాస్ట్ బీట్‌తో సులువుగా కలుస్తుంది. షాకుహాచి వెదురు వేణువులో గాలి శబ్దమే అందం. 54.5 సెంటీమీటర్ల మామూలు సైజు దానికి ఆధార స్వరం మళ్లీ డి. బుట్టలాంటి టోపీతో మొహం కప్పుకుని తిరిగే ఫుకె శాఖ సన్యాసులు వాయించేవాళ్లు దీన్ని. ఆ శాఖను 1871లో ప్రభుత్వం రద్దు చేసింది. సువోనా అంటే చైనా సన్నాయి, పెళ్లికీ చావుకీ రెండింటికీ మోగుతుంది. దాని గొంతు ముందు డిస్టార్షన్ గిటార్లే తలొంచుకోవాలి, కాబట్టి ఒక పాటలో ఒక్కసారి కంటే ఎక్కువ వాడకండి.

ఐదో అడుగు: గిటార్

గిటార్‌ను డి స్టాండర్డ్‌కు దించండి. ప్రతి తీగా ఒక స్వరం కిందికి: డి, జి, సి, ఎఫ్, ఎ, డి. ఇప్పుడు ఖాళీ తీగలన్నీ ఒకసారి చూడండి. మన శుద్ధ ధన్యాసి ఐదు స్వరాలే అవి! గిటార్ ట్యూనింగ్‌లోనే ఆ రాగం దాగుందని నేనూ చాలా ఆలస్యంగా గమనించాను.

పవర్ కార్డ్‌ల దగ్గర ఒక చిక్కుంది. పవర్ కార్డ్ అంటే సా, దాని పంచమం. డి మీద వేస్తే ఎ వస్తుంది, స్కేల్‌లోనే ఉంది. ఎఫ్‌కు సి, జికి డి, సికి జి, అన్నీ సరే. ఎ మీద వేస్తే మాత్రం ఇ వస్తుంది. అది మన ఐదు స్వరాల్లో లేదు. ఎర్హు పైన ఎఫ్ పట్టుకుని ఉంటే కింద ఇ రుద్దుకుంటుంది. పైగా మనం దాచుకున్న ఇ ఫ్లాట్ కిటుకు కూడా పలచబడుతుంది. అందుకే ఎ మీద పంచమం బదులు నాలుగో స్వరం, అంటే డి కలపండి. ఆ తలకిందుల కార్డ్‌కు తూర్పు వాసన కూడా వస్తుంది.

జపాన్ మియాకొబుషి స్కేల్ తీసుకున్నవాళ్లకు ఈ చిక్కు రెట్టింపు. డి, ఇ ఫ్లాట్, జి, ఎ, బి ఫ్లాట్‌లలో ఎ, బి ఫ్లాట్ రెండింటి పంచమాలూ బయటే. రెంటికీ నాలుగో స్వరాలే వాడండి.

రిఫ్‌లు రాసేటప్పుడు ముందు ఎర్హు బాణీ పూర్తి చేయండి. ఆ తర్వాతే గిటార్ పట్టుకోండి. నా స్నేహితుడి వెటకారం తర్వాత నేను మార్చుకున్న అలవాటిది. ఎర్హు పాడుతున్నంతసేపు గిటార్లు కింది రెండు తీగల మీదే ట్రెమొలో పికింగ్ (ఒకే స్వరాన్ని చాలా వేగంగా మీటడం) చేయాలి. ఎర్హు ఊపిరి తీసుకున్నప్పుడు పైకి రావచ్చు. పెళ్లిలో సన్నాయి ఆలాపనకు డోలు ఎలా తగ్గి ఎప్పుడు లేస్తుందో గుర్తుతెచ్చుకోండి, అదే మర్యాద.

ఆరో అడుగు: డ్రమ్స్

నిమిషానికి 200 బీట్ల దగ్గర బీట్‌కు నాలుగు దెబ్బలేస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య 75 మిల్లీసెకన్లు. ఆ వేగంలో ఎర్హు కూడా పరుగెత్తితే అంతా ఇసుకలా రాలిపోతుంది. డ్రమ్స్ పరుగెత్తనివ్వండి, ఎర్హు నాలుగు బీట్లకు ఒక్క స్వరం, అంటే 1.2 సెకన్లు సాగదీయనివ్వండి. తుఫానులో కదలకుండా నిలబడ్డ మనిషిలా ఉంటుంది. వేగంగా కదిలే ఎర్హు కావాలంటే డ్రమ్స్‌ను సగం వేగానికి దించండి.

ప్రోగ్రామ్ చేసేవాళ్లకు ఒక్క మాట: స్నేర్ దెబ్బలన్నీ ఒకే బలంతో పెట్టకండి. అలా పెడితే కుట్టుమిషన్ శబ్దం వస్తుంది.

ఏడో అడుగు: గొంతు, భాష

థోనిక్ తైవానీ హొక్కియెన్‌లో పాడుతుంది. ఆ భాషలో స్వరం మారితే మాట అర్థమే మారుతుంది. గ్రౌల్‌లో, అంటే మెటల్ గాయకుల గుర్రుమనే అరుపులో, శ్రుతి ఉండదు కాబట్టి ఆ తేడా వినిపించదు, సందర్భమే అర్థం చెప్పాలి. రాని భాషలో నాలుగు ముక్కలు అరవడం కంటే తెలుగులో రాయడం నిజాయితీ. 'మొగలి', 'ఓడ', 'ఉప్పుగాలి' లాంటి అచ్చు సాగే మాటలు అరుపులో బాగా మోగుతాయి. అయితే 'క్షమించను' లాంటి మాటలో సంయుక్తాక్షరం అరుపులో నలిగిపోతుంది. దానికి 'వదలను' పెట్టుకోండి. దెయ్యం నోట ఎలాగూ అదే బాగుంటుంది.

ఆమె మాటలకు హై స్క్రీమ్, వ్యాపారికి లో గ్రౌల్ అని పంచేయడం చాలామంది చేసేదే. నేనైతే ఆమెకు గొంతే ఇవ్వను. ఆమె మాట్లాడేది ఎర్హుతోనే. గాయకుడు కథ చెప్పే ఊరివాడు.

రోజుకు ఇరవై నిమిషాలు మించి సాధన వద్దు. మంట, నొప్పి అనిపిస్తే ఆ రోజుకు ఆపేయాలి. గొంతు బొంగురుపోతే మెటల్ బాగా వచ్చిందని కాదు, పద్ధతి తప్పిందని అర్థం.

ఎనిమిదో అడుగు: ఎర్హు రికార్డింగ్

నిజమైన ఎర్హు అయితే మైకును డబ్బాకు అతి దగ్గరగా పెట్టకండి. కమాను గీకుడు, కమానుకు రాసే రోజిన్ పొడి శబ్దం మాత్రమే వస్తాయి. ముందు వైపు, కొంచెం పైనుంచి రెండడుగుల దూరం దగ్గర మొదలుపెట్టి ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. డబ్బా వెనక కిటికీ నుంచి కూడా శబ్దం వస్తుంది కాబట్టి వెనక గోడ ఖాళీగా ఉంటే ఒక బొంత వేలాడదీయండి. వేలాడే బట్టలతో నిండిన అల్మారా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోవడం మా ఇంటి స్టూడియో.

కొన్ని స్వరాల దగ్గర ఎర్హు తోడేలులా ఊగుతుంది. వాయిద్యం పాడైపోలేదు, దాని స్వభావం అంతే. తీగల కింద బ్రిడ్జి దగ్గర పెట్టే మెత్తటి గుడ్డముక్కను కాస్త జరిపితే తగ్గుతుంది. రెండు మూడు టేకులకోసారి ట్యూనర్ చూసుకోండి. ఫ్యాన్ ఆపేయండి, ఇదీ చెప్పాలా అనుకోకండి. ఒకసారి గంటసేపు రికార్డ్ చేసి, ఆఖరికి సీలింగ్ ఫ్యాన్ గరగరే బాగా వచ్చిందని తెలుసుకున్నాను.

తొమ్మిదో అడుగు: మిక్సింగ్

బాణీ రాసేటప్పుడే గిటార్ కింద, ఎర్హు పైన ఉంచాం కాబట్టి ఇక్కడ పని సగం అయిపోయినట్టే. గిటార్లు రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి కుడికి. నడుమ ఖాళీ ఎర్హుది. గాయకుడిదీ ఆ చోటే కాబట్టి ఇద్దరూ ఒకేసారి ఉండకుండా చూడండి, ఉండక తప్పకపోతే ఎర్హును కొద్దిగా పక్కకు జరపండి.

ఎర్హులో 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, అక్కడ దాని స్వరమేమీ లేదు. ఎర్హు వాయించే చోట్ల మాత్రం గిటార్లలో 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య రెండు డెసిబెల్స్ తగ్గేలా ఆటోమేషన్ పెట్టండి. పాటంతా తగ్గిస్తే గిటార్లు నీరుగారిపోతాయి. ఎర్హు చెవిలో పొడుస్తోంటే 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వెతకండి. రివర్బ్ (గుహలోలాంటి ప్రతిధ్వని) ఇచ్చేటప్పుడు 30, 40 మిల్లీసెకన్ల ప్రీ డిలే, అంటే ప్రతిధ్వని మొదలయ్యే ముందు చిన్న ఆలస్యం, పెడితే స్వరం ముందే నిలబడుతుంది, గుహ వెనక వినిపిస్తుంది. ఐదో దృశ్యంలో, అదే రాత్రి బజారులో, రివర్బ్ మొత్తం తీసేయండి. ఆమె ఇప్పుడు అన్నం ముద్దలవాడి ఎదురుగా నిలబడి ఉంది.

అంతా అయ్యాక గిటార్లు, డ్రమ్స్, గొంతు అన్నీ మ్యూట్ చేసి ఎర్హు ఒక్కటే వినండి, అకౌస్టిక్ ఆల్బమ్ విన్నట్టు. కథ తెలుస్తోందా? తర్వాత ఎర్హును మ్యూట్ చేసి మిగతాది వినండి. ఏమీ పోలేదనిపిస్తే రెండో అడుగుకు వెనక్కు వెళ్లాలి, మిక్సింగ్‌తో అతికేది కాదది.

ఇక మిగిలింది ఆఖరి దృశ్యం. ఓడ అవతలి తీరం చేరింది. డ్రమ్స్ 200 మీద ఉరుకుతున్నాయి, గిటార్లు డి మీద నిలబడ్డాయి. ఇన్ని నిమిషాలూ ఐదు స్వరాలు దాటని ఎర్హు ఇప్పుడు మొదటిసారి ఇ ఫ్లాట్ పట్టుకోవాలి, వాడి స్వరమే, వాడి ఇంటి గుమ్మం ముందు. ఎనిమిది బీట్లు అలాగే పట్టుకుని, మెల్లగా సా మీదికి జారనివ్వండి. గిటార్లు అంతకు ముందే ఆగిపోయి ఉండాలి.

ఆ తర్వాత కావాలంటే పెట్టెలో ఒక్క నాణెం పడ్డ చప్పుడు పెట్టుకోండి. నేను పెట్టాను.